మొహం మీద తన్నకూడని ఆట

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఎక్కడ రాత కనిపించినా కూడబలుక్కుని చదవందే నా అడుగు ముందుకు పడదు. హిందూపురంలో ఆటల హాలు ముందు కట్టిన గుడ్డ మీద ‘పెన్‌చాక్ సిలాట్’ అని మనవరాలి ఆట పేరు చదివేసరికి అది నా చెయ్యి పట్టి లాగింది.

“అవ్వా, లోపలికి రా. టయమైతాండాది.”

నన్ను వెంట పంపింది కోడలు. మడకశిరలో బస్సెక్కిస్తూ ఒకటే మాట చెప్పింది. “దాని మొహానికి దెబ్బ తగిలిందంటే రేపట్నుంచి ఆట బంద్. నువ్వు చూసొచ్చి చెప్పత్తా. నువ్వైతే కప్పిపెట్టవు.”

బస్సులో మనవరాలు ధైర్యం చెప్పింది. “మొహం మీద తన్నితే తప్పవ్వా. ఎదకు కవచం కడతారు, దాని మీదే తన్నాల.”

“తన్నేదానికి గూడా జాగా చూపిస్తారా?” అన్నాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి మరీ నవ్వాడు.

హాల్లో మెత్తటి పరుపులు పరిచారు. నల్లబట్టలు, ఉత్తకాళ్లు. ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి దండం పెట్టుకుంటారు. మోకాళ్లు వంచి, గాలిలో ఏదో వెతుకుతున్నట్టు చేతులు ఆడిస్తూ అడుగులేస్తారు. ఆ తర్వాతే తన్నుకోవడం. నేర్పే సారును ఉండబట్టలేక అడిగాను.

“ఏమప్పా, కొట్టుకునేదానికి ముందు ఈ కులుకులెందుకు?”

ఆయన ఫోను తీసి చూపించాడు. ఇండోనేషియాలో ఏదో పెళ్లి వాకిలి. డప్పుల మోతకు ఇద్దరు ముసలాళ్లు మెల్లగా తిరుగుతున్నారు, ఒకరి చెయ్యి ఒకరికి తగిలీ తగలనట్టు. మా పీర్ల పండగలో కర్రసాము చేసేవాళ్లు గుర్తొచ్చారు.

“వీళ్లల్లో ఎవరు గెలిచినారు?”

“ఎవరూ గెలవరవ్వా. అది వాళ్ల పెద్దల విద్య. పాయింట్లు, కవచాలు పోటీల కోసం తర్వాత పెట్టుకున్నారు.”

గెలుపే లేనిదానికి అంత సాధన ఎందుకని అడగబోయాను. అంతలో మా పిల్లను పిలిచారు.

ఎదుటి పిల్ల పొడుగు. మాది వంగి, దాని కాలు పట్టి పడేసింది. నేను లేచి నిలబడి అరిచాను. మళ్లీ దగ్గరికి పోయేసరికి ఆ పిల్ల కాలు గురి తప్పి మాదాని నోటికి తగిలింది. కింది పెదవి చిట్లింది. రెఫరీ ఆట ఆపి ఆ పిల్లకు తప్పు వేశాడు. ఆట ముగిశాక మా పిల్ల చెయ్యి పైకెత్తాడు. ఇద్దరూ దండం పెట్టుకుని కౌగిలించుకున్నారు.

బయటికొచ్చాక మనవరాలికి ఏడుపొచ్చింది. “అవ్వా, బస్సులో కమ్మీ తగిలిందని చెప్తావా?”

“చెప్పను.”

తిరుగు బస్సులో నా పక్కన కూర్చోకుండా వెనక సీటుకు పోయింది.

గడపలోనే కోడలు ఆ పెదవి చూసింది. తర్వాత నన్ను చూసింది.

“తన్ను తగిలింది,” అన్నాను. “తన్నినదానికి తప్పేసినారు. మనది గెలిచింది. నాకైతే ఇంకోసారి పోయి చూడాలనుండాది.”

కోడలు లోపలికి పోయింది. ఉప్పునీళ్లు తెచ్చి పిల్లను పుక్కిలించమంది. గడ్డం పట్టుకుని వెలుతురుకేసి తిప్పి చాలాసేపు చూసింది.

“ఆ పాప యా కాలెత్తింది?”

“కుడికాలమ్మా.”

“ఏదీ, ఎత్తు.”

చెంగు నడుముకు దోపుకుని ఎదురుగా నిలబడింది. పిల్ల అలవాటుగా ముందు దండం పెట్టింది. కోడలూ పెట్టింది. కాలు మెల్లగా లేచి తల్లి నోటి ముందు ఆగింది. ఆమె ఆ పాదాన్ని అరచేత్తో పక్కకు తోసి అడిగింది.

“మరి అప్పుడు నీ చెయ్యి యాడుండింది?”