రబ్బరు కోటు కింద బోల్టులు

2015 జూన్‌లో నన్ను గరివిడి నుంచి శ్రీకాకుళం దగ్గర హైవే మీదున్న మా డీలరు వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజరుగా బదిలీ చేశారు. గరివిడిలో ఖనిజం మోసే టిప్పర్లతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టినవాణ్ణి. అక్కడ బండ్లు దుమ్ముతో పాడవుతాయి, ఇక్కడ ఉప్పుతో పాడవుతాయి. ఆ తేడా ఒంటబట్టడానికి నాకు ఏడాది పట్టింది. వర్క్స్ మేనేజరంటే బండి కింద దూరేవాడని చాలామంది అనుకుంటారు. దూరేవాళ్ళు టెక్నీషియన్లు, వాళ్ళ మీద ఫోర్‌మన్, ఆ పైన నేను. రిపేరుకొచ్చిన బండి మళ్ళీ రోడ్డెక్కాలంటే ‘నడపదగినది’ అని నేను సంతకం పెట్టాలి. మిగతాదంతా గుమాస్తా పని.

మరుసటి ఏడాది జులైలో, వేట నిషేధం ముగిసి చేపల బండ్లు మళ్ళీ తిరుగుతున్న రోజుల్లో, భావనపాడు నుంచి దానయ్య అనే ఆయన తన పికప్ బండి తీసుకొచ్చాడు. గతుకుల్లో వెనక నుంచి టకటకమని చప్పుడు వస్తోందని ఫిర్యాదు. భార్య నూకమ్మ కూడా వెంట వచ్చింది. దానయ్య వయసులో ఉండగా చాలాకాలం గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద వలలు లాగే కళాసీగా చేశాడు. ఆ తీరంలో అది మామూలే. శ్రావణంలో రైలెక్కితే మళ్ళీ ఎండాకాలంలోనే ఇల్లు చూడటం. ఆ బతుకు ఇక చాలనుకుని ఐదేళ్ళ కిందట ఈ బండి కొన్నాడు. ఊళ్ళో పడిన చేపను ఐసు వేసి టెక్కలికీ శ్రీకాకుళానికీ చేరవేస్తాడు. తట్టలు పెట్టుకుని అమ్ముకునే ఆడవాళ్ళు, నూకమ్మతో సహా, బండి వెనక తొట్టిలోనే కూర్చుని వస్తారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది. అది ఏ రోడ్డు మీద అమలవుతుందో నేనైతే చూడలేదు.

బండిని చూస్తే ముచ్చటేసింది. ఐదేళ్ళు చేపలూ ఐసూ మోసిన తొట్టి కొత్త చెప్పు అడుగులా నల్లగా, గరుకుగా నిగనిగలాడుతోంది. కొన్నప్పుడే విశాఖపట్నంలో రబ్బరు కోటింగు కొట్టించాడట. ఇది పెయింటు కాదు. రెండు రసాయనాలను గన్నులో కలిపి వేడిగా చిమ్మితే, క్షణాల్లో గట్టిపడి రేకుకు తోలులా అతుక్కుంటుంది. గీతలు పడవు, ఉప్పునీళ్ళు అంటవు. సరిగ్గా కొట్టాలంటే ముందు బోల్టుల తలలకు టోపీలు తొడగాలి, నీళ్ళు కారే కన్నాలకు బిరడాలు పెట్టాలి, కొట్టాక రెండూ తీసెయ్యాలి. ఈ బండికి ఆ రెండూ చేయలేదు. బోల్టులన్నీ కోటింగు కిందే ఉన్నాయి. కన్నాలు మూసుకుపోయాయి. అడుగువైపు ఛాసీ చట్రానికి కూడా దట్టంగా పట్టించారు.

ఇదేం పని అని కాస్త విసురుగానే అడిగాను. దానయ్య నొచ్చుకోలేదు. చదువుకున్న మనిషికి ఇంత తెలియదా అన్నట్టు నావైపు చూశాడు.

“పడవకి కన్నముంటే ములిగిపోతాది గదా బాబూ. ఆ కోటింగోలు కన్నాలు వదిలేస్తామన్నారు. నానే దగ్గరుండి అన్నీ మూయించీసినాను.”

ఆయన లెక్కలో తప్పేమీ లేదు. పడవను సముద్రం బయట నుంచి తింటుంది, అందుకే దానికి లోపలా బయటా పూసి ప్రతి సందూ మూస్తారు. చేపల బండికి ఉప్పునీరు లోపలే పుడుతుంది. ఐసు కరిగిన నీళ్ళు కన్నాల్లోంచి కారిపోవాలి. కారే దారి లేకపోతే ఎక్కడో ఐసు పెట్టె అంచు గీరుకున్న చిన్న చీలికలోంచి కోటింగు కిందికి దిగి, రేకుకూ రబ్బరుకూ మధ్య ఏళ్ళ తరబడి నిలవుంటాయి. పైన మాత్రం నిగనిగ తగ్గదు.

తొట్టిని ఛాసీకి పట్టి ఉంచేవి ఎనిమిది బోల్టులు. వాటి బిగువు ప్రతి సర్వీసులోనూ చూడాలి. వీటి తలకు సాకెట్ పట్టదు గనక, ఇంతగా మూసినవి ఎక్కడ వదులవుతాయిలే అని ప్రతిసారీ ఎవరో ఒకరు దాటేశారు. చప్పుడు అక్కడి నుంచే వస్తోందని మా ఫోర్‌మన్ సూరిబాబు ఒక్క చక్కరు కొట్టి తేల్చేశాడు. ఛాసీకీ తొట్టికీ మధ్య రబ్బరు ముక్కలు దూర్చితే చప్పుడు ఆగిపోతుందని కూడా చెప్పాడు. అబద్ధం కాదు. చప్పుడు ఆగుతుంది, బోల్టు స్థితి మాత్రం తెలియదు. కోటింగు కోసి బోల్టులు విప్పి చూడాలన్నాను. కోస్తే కోటింగు గ్యారంటీ పోతుంది కాబట్టి యజమాని ఒప్పుకోవాలి.

దానయ్య నన్ను షెడ్డు బయటికి తీసుకెళ్ళాడు.

“సప్పుడొక్కటి ఆపీయండి బాబూ. పైన బాగానే ఉన్నాది గదా. తీసి సూసినారంటే ఏటో ఒకటి కనిపిస్తాది, మీరు బండి ఒగ్గరు. నాను మళ్ళీ ఎరావల్ బోటెక్కాల.”

ఈ సీజను గడవనిమ్మన్నాడు, వేట ఆగగానే తానే తెచ్చి అప్పజెప్తానన్నాడు. ఆయన ఏ ప్రమాదాన్నీ దాచడం లేదు. చూడకుండా ఉంటే లేనట్టే అనుకుంటున్నాడు, అంతే. డాక్టరు దగ్గరికి పోకుండా నెట్టుకొచ్చే మనుషులం మనలో ఎంతమంది లేము? నేను మెత్తబడ్డాననే చెప్పాలి. అంతలో నూకమ్మ వెనకే వచ్చి నిలబడింది. భర్తవైపు చూడకుండా నాతో అంది.

“ఆ బండెనక కూకునేది మేము. తీసీయండి బాబూ.”

దానయ్య సరేనని తలూపాడు.

ఆ కోటింగు తీయడం గురించి కుర్రాళ్ళకు ఇప్పటికీ చెబుతూంటాను. ఉలీ సుత్తీ పనికిరావు, రబ్బరు కదా, దెబ్బను తిరగగొడుతుంది. పెయింటు వదిలించే ద్రావకాలు దాని మీద పారవు. గ్యాసుతో కాల్చడం మరీ తప్పు. ఆ పొగ ఊపిరితిత్తులకు విషం, పక్కనే డీజిలు గొట్టం కూడా ఉంటుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని, షెడ్డు తలుపులు బార్లా తీసి, వేడిగాలి గన్నుతో బోల్టు చుట్టూ మెల్లగా వెచ్చబెట్టాలి. మెత్తబడగానే పదునైన కత్తితో తల చుట్టూ గుండ్రంగా గాటు పెట్టి, గీకుడు కత్తితో అంచు లేపి, పొరను లాగాలి. తల మూలల్లో మిగిలిన దాన్ని సూదిమొన పనిముట్టుతో కెలికి తీయాలి. కింద నట్టు దగ్గర బయటికి పొడుచుకొచ్చిన మరలకు కూడా కోటింగు ఉంటుంది. దాన్ని వైరు బ్రష్షుతో శుభ్రం చేయకుండా నట్టు తిప్పితే మర చెడుతుంది. ఆ తరువాత తుప్పు వదిలించే నూనె వేసి ఆగాలి. సాకెట్ తల మీద పూర్తిగా కూర్చుంటేనే బలం పెట్టాలి. సగం కూర్చున్న సాకెట్‌తో తిప్పితే తల గుండ్రమైపోయి, ఇక ఏ రెంచీకీ చిక్కదు. తొందరపడేవాడికి ఈ పని ఇవ్వకూడదు. సూరిబాబు నోరు దురుసే గాని చెయ్యి నిదానం, అందుకని వాడే కూర్చున్నాడు.

ముందు వైపు బోల్టులు నాలుగూ తిరిగాయి. పైపైన తుప్పు తప్ప బోల్టు కాడలు గట్టిగానే ఉన్నాయి. మాకందరికీ ఆశ పుట్టింది. దానయ్య అందరికీ టీ తెప్పించాడు. మేనేజరు బాబు ఊరికే భయపెట్టాడని సూరిబాబుతో హాస్యమాడాడు. నూకమ్మ కూడా నవ్వింది. ఆ టీ తాగినందుకు నాకు ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది.

వెనక వైపు మొదటి బోల్టుకు సాకెట్ తగిలించగానే బలం పెట్టకుండానే తిరిగింది. తల ఊడి సాకెట్‌లోకి వచ్చేసింది. కాడను తుప్పు ఎప్పుడో తినేసింది. కోటింగు ఇంకాస్త వెడల్పుగా కోసేసరికి నల్లటి నీళ్ళు ధారకట్టాయి, షెడ్డంతా కుళ్ళిన చేప వాసన. ఛాసీ మీద చుట్టిన రబ్బరును కింద నుంచి విప్పితే దాంతోపాటు ఇనుము కూడా పొరలుగా ఊడొచ్చింది, తడిసిన అప్పడంలా. స్క్రూడ్రైవరు ఆనించాను, అవతలికి దిగిపోయింది. రెండో పక్కా అదే తీరు. ఎన్నాళ్ళుగానో ఆ చివరన తొట్టిని పట్టి ఉంచింది బోల్టులు కాదు, ఆ కోటింగే.

మా వృత్తిలో బోల్టు పోతే మార్చవచ్చు, తొట్టి పోతే కొత్తది కట్టవచ్చు. ఛాసీ దూలాన్ని తుప్పు అలా తినేశాక అతుకులు వేసి రోడ్డు మీదికి పంపకూడదు. నేను సంతకం పెట్టలేదు. కోటింగు కంపెనీకి నేనే ఫోటోలు పంపాను. తమ గ్యారంటీ కోటింగు ఊడితేనేననీ, మీరు కోసేదాకా అది ఊడలేదు కదా అనీ జవాబిచ్చారు. చెప్పింది నిజమే కావడంతో నాకు ఒళ్ళు మండిపోయింది. దానయ్యకు ఏదైనా సాయం చేయమని మా ఆఫీసుకు కూడా రాశాను. ఫలితం లేదు.

నన్ను తిడతాడేమోనని ఎదురుచూశాను. దానయ్య ఛాసీ పక్కన గొంతుక్కూర్చుని, ఆ కన్నంలో వేలు పెట్టి చూసుకుని, చెయ్యి లుంగీకి తుడుచుకుని లేచాడు. ఆ నెలలోనే వెరావల్ వెళ్ళే కళాసీల జట్టులో చేరాడని తరువాత విన్నాను.

బండిని పాత ఇనుముకు అమ్మేముందు ఐసు పెట్టెలూ వాటి మీద కప్పే పట్టాలూ తీసుకుపోవడానికి నూకమ్మ ఒక్కతే వచ్చింది. తీసి చూడటం మంచిదే అయిందన్నాను. ఏదో ఒక రోజు ఆ తొట్టి హైవే మీద మనుషులతో సహా ఊడిపోయేదని చెప్పాను. తెలుసంది. పట్టాలు మడతపెట్టుకుంటూ ఆమె అన్న మాట ఇది.

“తీసీమన్నది నాను గదా బాబూ. రైలెక్కినదాకా ఆడు నన్నొక్క మాటనలేదు. అనీసుంటే బాగున్ను.”

పెట్టెలు ఆటోలోకి ఎక్కించడానికి సాయం చేశాను.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా, కోటింగున్న ఏ బండి వచ్చినా మొదటి సర్వీసులోనే బోల్టుల తలలు తెరిపించి, నీటి కన్నాలు పొడిపించేవాణ్ణి. కొంతమంది యజమానులు విసుక్కున్నారు, పట్టించుకోలేదు. దానయ్య బండి విషయంలో నేను చేసింది సరైన పని. ఇవాళైనా అదే చేస్తాను. పని సరిగ్గా చేస్తే మనసుకు ఊరట దక్కుతుందని ఉద్యోగంలో చేరినప్పుడు అనుకునేవాణ్ణి. అలాంటి హామీ ఏదీ లేదని ఆ బండి దగ్గర తెలుసుకున్నాను.