ఎండకన్నెరగని రాయి

మా మామయ్యకు వెలుతురు గిట్టదు. కొందరికి పిల్లి గిట్టదు, కొందరికి తోడల్లుడు గిట్టడు. ఈయనకు సాక్షాత్తూ సూర్యుడే గిట్టడు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు కర్టెన్ లాగి, ఆ తర్వాతే "బాగున్నారా?" అని అడుగుతాడు. అప్పటికి ఎదుటివాళ్ళు బాగున్నారో లేదో కనిపించే అవకాశం ఉండదు గనక, ఆ ప్రశ్న నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంటుంది.

ఆయన మా కాలేజీలో రాళ్ళ గదికి అధిపతి. నేను అదే కాలేజీలో లెక్కలు చెబుతాను గనక ఆయన పరిపాలనను దగ్గరనుంచి చూసే భాగ్యం నాకు దక్కింది. ఇనుపరాయి, సున్నపురాయి, అభ్రకం లాంటి సామాన్య ప్రజానీకం గాజు బీరువాల్లో కాపురముంటుంది. కిటికీకి దూరంగా, సొరుగులో, నల్లగుడ్డ చుట్టిన చెక్కపెట్టెలో మాత్రం మహారాణి ఉంటుంది. పేరు వివియనైట్.

ఇనుమూ, ఫాస్ఫేటూ, కాస్త నీరూ కలిసి పుట్టిన రాయి అది. బురదనేలల్లో, పాత ఎముకల్లో, మట్టిలో కూరుకుపోయిన గవ్వల్లో, గాలి చొరబడని చోట పుడుతుంది. నీలిపొడిలా అక్కడక్కడా కనిపిస్తుందిగానీ, వేలెడు పొడవున స్ఫటికంగా దొరకడం అరుదు. తవ్వి తీసినప్పుడు నీళ్ళలా తేటగా ఉంటుంది. వెలుతురు సోకితే ఆకుపచ్చనవుతుంది, నీలమవుతుంది, చివరికి నల్లబడుతుంది. గోటితో గీస్తే గీత పడుతుంది. ఇంత సుకుమారం మా అత్తయ్య తరఫు చుట్టాల్లో కూడా లేదు.

"ఒక్కసారి చూపించు మామయ్యా," అన్నాను ఓసారి.

"చూస్తే పాడవుతుంది."

"చూడనప్పుడు ఉండి ఏం లాభం?"

"నీ తెలివితేటలు ఎవరైనా చూశారా? ఉన్నాయని నమ్మి జీతమివ్వట్లేదూ?"



ఈ చీకటి కాలేజీతో ఆగలేదు, ఇంటికీ వచ్చింది. అత్తయ్య తడుముకుంటూ వంట చేసేది. కాఫీలో ఉప్పు పడితే, "ఇవాళ కొత్తగా ఉందే!" అని మామయ్య మెచ్చుకుంటూ తాగేవాడు.

"ఇన్నేళ్ళుగా ఈయన ముఖం చూసింది తక్కువ, గొంతు విన్నదే ఎక్కువ," అనేది అత్తయ్య. "అందుకేనేమో కాపురం సజావుగా సాగింది."

కళ్ళు ఏమవుతాయోనని భయపడి ఆవిడే ఆయన్ని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరు టార్చి వేయబోతే మామయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "లైటెందుకండీ? కంట్లో ఏముందో నోటితో చెబుతాగా!"

డాక్టరు ఓపిక పట్టి, గోడమీది అక్షరాలు చదవమన్నాడు.

"ముందు గోడెక్కడుందో చెప్పండి," అన్నాడు మామయ్య. అప్పటికే కర్టెన్ మూసేశాడు మరి.

ఈ చీకటి సామ్రాజ్యంలో ఎక్కువగా నలిగినది రాళ్ళ గది ఊడ్చే ఆయమ్మ. ఆవిడకు శుభ్రత పిచ్చి. ఆవిడ చేతిలో పడితే బొగ్గు కూడా తెల్లబడి తీరాలి. అలాంటి మనిషి చీపురు పట్టుకుని చీకట్లో తారట్లాడాల్సి వచ్చింది.

"సారూ, ఆ కిటికీ కాస్త తెరిస్తే మీ సొమ్మేం పోయింది? బల్లేదో నా మోకాలేదో తెలీడం లేదు!"

"నొప్పి పుట్టేది మోకాలు, ఆయమ్మా."

రోజులు ఇలా చల్లగా వెళ్ళిపోతుండగా కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. రాళ్ళనేవి గోడల్లోనే ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

"ఎవరూ చూడని రాయికి ఇంత గదా? రాళ్ళ శాస్త్రం తెలిసినావిణ్ణి పిలిపిస్తున్నా. పెట్టె తెరవాల్సిందే. ఉంచదగ్గ రాయని ఆవిడంటే గది ఉంటుంది. లేదంటే విరిగిన కుర్చీలన్నీ అక్కడికే. ఎవరి చేతుల్లోనైనా పాడైందని తేలిందా, ఆ మనిషి కూడా బయటికే!"

ఆ మాటతో మామయ్య ముఖం పాలిపోయింది. కర్టెన్ వేసి ఉండటంవల్ల నాకు కనిపించలేదు, గొంతునుబట్టి చెబుతున్నాను.

శాస్త్రం తెలిసినావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో భూతద్దం, ముఖంలో ఏ భావమూ లేదు. ప్రిన్సిపాల్ వచ్చాడు. ఆయమ్మ చీపురుతో సహా తలుపు దగ్గర నిలబడింది. శాస్త్రం తెలిసినావిడ బల్లమీది దీపం వేయించి, నల్లగుడ్డ విప్పి, పెట్టె మూత తీసింది.

లోపల మహారాణి కారునలుపు.

"ఇదేంటి, బొగ్గా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"నా తప్పేనండీ," అన్నాడు మామయ్య, ఆలస్యం చేస్తే ఇంకెవరైనా ఆ తప్పు ఎత్తుకుపోతారన్నంత తొందరగా. "ముచ్చటపడి ఎండలో పెట్టుకుని చూశాను. చూస్తూ చూస్తూ నిద్రపోయాను. శిక్ష ఏదైనా నాకే."

ఇంతలో ఆయమ్మ బల్ల దగ్గరికొచ్చి తొంగిచూసింది. ముఖం చేటంతైంది.

"ఓలమ్మో, ఇది నా రాయే! ఆవలించే పిల్లిలా లేదూ? వేసవి సెలవుల ముందు దుమ్ము పట్టిందని నేనే కడిగి, ఆ కిటికీలో ఆరబెట్టాను. మర్చిపోయి ఊరెళ్ళాను. వచ్చేసరికి నిగనిగలాడుతోంది. 'భలే కడిగావు ఆయమ్మా!' అని సారే మెచ్చుకున్నారు. నా జన్మలో నా పనిని మెచ్చుకున్నది ఆ ఒక్కసారే!"

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. ఆ పెట్టె ఎందుకు తెరవలేదో, సూర్యుడితో ఆ వైరం ఎప్పుడు మొదలైందో నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ చూడకపోతే ఎవరూ అడగరు. ఎవరూ అడగకపోతే ఆవిడ ఉద్యోగమూ ఉంటుంది, ఆ మెప్పూ ఉంటుంది. ఆయమ్మ మామయ్య ఇంటికీ వస్తూపోతూ ఉంటుంది గనక వేషం ఇంట్లోనూ తీయడానికి వీల్లేకపోయింది; వేసి వేసి చివరికి అదే ఒళ్ళైపోయింది.

ప్రిన్సిపాల్ ఆయమ్మవైపు వేలు చూపించి నోరు తెరిచాడు. శాస్త్రం తెలిసినావిడ ఆ వేలికి అడ్డంగా రాయిని తిప్పి పట్టుకుంది. కిటికీ చెక్కకు ఆనుకుని ఎండ తగలని అడుగువైపు ఇంకా లేతాకుపచ్చగా, అంచులోంచి దీపం కనిపించేంత తేటగా ఉంది.

"ఒకే రాయిలో మొదలూ చివరా రెండూ ఉన్నాయి. పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా ఎక్కని పాఠం ఇది. గది ఉంచండి. ఇక పాడు చేసిందెవరంటారా... సూర్యుడు. ఆయన్ని తీసెయ్యడం మీ చేతుల్లో ఉందా?"

ప్రిన్సిపాల్ ఆలోచించి, లేదని ఒప్పుకున్నాడు.

ఆయమ్మకు సంగతి అప్పటికి పూర్తిగా బుర్రకెక్కింది. చీపురు నేలకేసి కొట్టింది.

"అంటే, నాకోసమా ఈ చీకటి? ఇన్నేళ్ళూ నాకోసం నన్నే గుడ్డిదాన్ని చేశారా? ఆరోజే నాలుగు తిట్టుంటే తిని ఊరుకునేదాన్ని కదా! నా మోకాళ్ళు ఎవరిస్తారు?" అంటూ వెళ్ళి కర్టెన్లన్నీ బర్రున లాగేసింది.

గదిలోకి ఎండ వరదలా దూకింది. దానితోపాటు, అన్నేళ్ళు చీకట్లో ఊడ్చిన ఫలితం కూడా కళ్ళబడింది. మూలమూలలా దుప్పట్లంత బూజులు. బీరువాలకింద పంట వేయదగ్గ దుమ్ము. శుభ్రతకు పేరుపడ్డ మనిషి కొయ్యబారిపోయింది.

"ఏం ఆయమ్మా, ఇదేనా నువ్వు..." అని ప్రిన్సిపాల్ మొదలుపెట్టాడు.

ఆ మాట పూర్తికాకముందే మామయ్య కర్టెన్లు మూసేశాడు. "వద్దండీ, ఇనుపరాళ్ళకు ఎండ మంచిది కాదు!"

ఇనుపరాయిని వెయ్యేళ్ళు ఎండబెట్టినా దానికి చీమ కుట్టినట్టైనా ఉండదని లెక్కల మాస్టారినైన నాకే తెలుసు. శాస్త్రం తెలిసినావిడకు తెలియదా? భూతద్దం కంటికి ఆనించుకుని, ఆ చీకట్లోనే మూలవైపు ఒకసారి గంభీరంగా చూసింది.

"నిజమే," అంది. "చాలా ప్రమాదం."