అడుగు పలకలు తెరవని రోజు

మంగళవారం పొద్దున సిరిసిల్ల నుంచి అత్తమ్మ ఫోన్ చేసింది. "మీ మామ ఇగ లేడురా. నిద్రల్నే పోయిండు," అంది. కోరుట్ల నుంచి బస్సులో పోతున్నంతసేపూ ముంబై సముద్రం మీద ఒక మధ్యాహ్నం ఆయన ముఖమే నా కళ్ల ముందు మెదిలింది. అంత భయం నేను మరే ముఖంలోనూ చూడలేదు.

మా మేనమామది నేత ఇల్లు. మరమగ్గాల పని తగ్గాక ముంబై పోయి తెరచాపలు కుట్టే చోట కుదిరాడు. చేతివేళ్లతోనే బట్ట సాగుడు చెప్పేవాడని ఒక పడవల క్లబ్బు వాళ్లు కొలతల పనికి తీసుకున్నారు. మనకు తెలియని పని కాబట్టి చెప్తాను. నలుగురు పడుకోగల చిన్న తెరచాప పడవలు పందెం వేసుకుంటాయి. అన్నీ ఒక్క తీరుగా ఉండవు. అందుకని పొడుగు, బరువు, తెరచాప కొలిచి ప్రతి పడవకూ ఒక అంకె ఇస్తారు. దాన్నే రేటింగ్ అంటారు. పట్టిన సమయాన్ని ఆ అంకెతో సరిచేసి గెలుపు తేలుస్తారు.

"ముసలోడు, పడుచోడు కలిసి ఉరికితే ముసలోన్ని జర ముందల నిలవెట్టాలె గద అల్లుడా. గదే గీ లెక్క," అనేవాడు.

రెండేళ్లు నేను ఆయనకు టేపు పట్టాను. కొలిచిందే మళ్లీ కొలిచేవాడు. ఈత రాదు కాబట్టి జెట్టీ మీద ఎప్పుడూ నడిమధ్యనే నడిచేవాడు. "భయం లేనోడు టేపు పట్టద్దు," అనేవాడు.

ఆ రోజు పందానికి ముందు ఒక పడవ యజమాని తొందరపెట్టాడు. అడుగు పలకలు తెరిచి, పడవ బోల్తా పడకుండా అడుగున పెట్టే సీసం దిమ్మెలు అన్నీ ఉన్నాయో లేదో మామ చూడాలి. అవి తీసేస్తే పడవ తేలికై జోరుగా పోతుంది, గాలికి మాత్రం నిలవదు. పోయినసారి చూశారు కదా అన్నాడు యజమాని. మామ చూడకుండానే సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం గాలి తిరిగింది, నీళ్లు నల్లబడ్డాయి. మోటారు పడవలోంచి మేం చూస్తుండగానే మిగతా పడవలు వంగి లేచాయి. ఆ పడవ వంగి, ఇక లేవలేదు. ఎక్కింది ముగ్గురు. నీళ్లలో ఇద్దరే కనిపిస్తున్నారు.

"దిమ్మెలు తీసిండ్రు అల్లుడా. నేను సూడకపోతి," అన్నాడు మామ. ఆయన కళ్లు మూడో మనిషి కోసం నీళ్లన్నీ వెతుకుతున్నాయి.

మా పడవ ప్రతి అలకూ లేచి పడుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. దగ్గరికి పోయాక మామ నీళ్లలో పరుచుకున్న తెరచాప మీదికి వంగి, కుట్టు ఎక్కడుందో తడిమి చాకుతో కోశాడు. ఆ చీలికలోంచి ఒక చేయి పైకి వచ్చింది. మామ దాన్ని రెండు చేతులా పట్టి లాగాడు.

ముగ్గురూ బతికారు. ఒడ్డుకు రాగానే తడిబట్టలతోనే క్లబ్బు పెద్దల ముందు నిలబడి, చూడకుండా సంతకం పెట్టానని తానే చెప్పాడు. ఇంటికి పోతూ రైల్లో అడిగాను. "తీసింది ఆయన గద మామా, నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

"ఆయన తీసిండు. ఉన్నయని రాసింది నేను. నా రాత నమ్మి ముగ్గురు ఎక్కిండ్రు."

క్లబ్బు వాళ్లు ఆయనను ఉండమన్నారు. ఆ తర్వాత పని మానేదాకా పలకలు తెరవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. పందాలు ఆలస్యమయ్యేవి, జనం విసుక్కునేవాళ్లు. నేనిప్పుడు కోరుట్లలో బోరు మోటార్లు బాగుచేస్తాను. రెండుసార్లు చూడకుండా స్విచ్ వేయను. ఆ భయం ఆయన పెట్టిన భిక్షే.

పోయిన వానాకాలం ఆయనను మిడ్ మానేరు డ్యామ్ కట్ట మీదికి తీసుకుపోయాను. చేపలు పట్టేవాళ్ల తెప్ప ఒకటి గాలికి ఊగుతూ వస్తోంది. మామ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. తెప్ప ఒడ్డుకు చేరింది. వాళ్లు దిగి, వల దులుపుకుంటూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. మామ వాళ్లనే చూస్తున్నాడు. ఆయన వేళ్లు ఇంకా సడలలేదు.