ఇంటికొకరు

గూడూరులో పరుపులు కుట్టే మౌలా కొడుకు సుభాని తిరుపతిలో ఎం.ఎ. చదువుతున్నాడంటే ఆ వీధికి అది చిన్న సంగతి కాదు. ఏం చదువు అని ఎవరైనా అడిగితే మాత్రం మౌలా తడబడేవాడు. "ఊళ్ళల్లోకి పోయి ఇంటింటికీ ప్రశ్నలేస్తాడంట. దానికి డిగ్రీ ఇస్తారంట," అనేవాడు. వినేవాళ్ళు నవ్వితే తనూ నవ్వేవాడు గానీ లోపల పొంగిపోయేవాడు.

1963 ఫిబ్రవరి అది. రెండో ఏడాది విద్యార్థులు తలా ఒక ఊరు ఎంచుకుని, కుటుంబాల సర్వే చేసి, వ్యాసం రాసి మార్చి నెలాఖరుకు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాది దండగ. సుభానికైతే ఇంకో చిక్కు కూడా ఉంది. జూన్‌లో ఒక కాలేజీలో ట్యూటరు ఉద్యోగం ఇస్తామని మాటిచ్చారు. డిగ్రీ చేతికి రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

వాళ్ళ గురువు జీవానందం గారు ఎండైనా వానైనా గొడుగు వదలని మనిషి. "విన్నది రాయండి. అనుకున్నది రాయకండి," అని ప్రతి క్లాసులో ఒక్కసారైనా అనేవారు. వెనక బెంచీలవాళ్ళు ఆయన గొంతు పెట్టి ఆ మాటే అని నవ్వుకునేవారు. అందరికంటే బాగా అనుకరించేది సుభానే.

అతనికి విడవలూరు అవతల సముద్రపొడ్డున చేపలు పట్టేవాళ్ళ పాళెం ఒకటి దొరికింది. తొంభై గుడిసెలు. పాళెం బడి వరండాలో బస. చేతిలో నాలుగు పేజీల అచ్చు ఫారం. పడవ ఎవరిది, వల ఎవరిది, పిల్లలు ఎందరు. పిల్లల గడి పక్కనే మరో గడి ఉంది, 'పుట్టి పోయినవారు' అని. మొదటి ఇంట్లోనే ఆ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బిడ్డను చంకనేసుకుని నిలబడ్డ తల్లిని, నీకు ఎంతమంది బిడ్డలు చచ్చిపోయారమ్మా అని ఏ నోటితో అడిగేది? అడగలేక గడిలో గీత గీసేశాడు. రెండో ఇంట్లో గీత ఇంకాస్త సులువుగా పడింది. పదో ఇంటికి వచ్చేసరికి ఆ గడి వైపు చూడనే లేదు. అన్ని ఇళ్ళకూ గీతలే. తను మర్యాద పాటించాననే అనుకున్నాడు, పాపం.

పని ముగిసే వారంలో మశూచి టీకాలు వేసే ఉద్యోగి పాళెంలో దిగాడు. పిల్లలందరినీ ఇసుకలో వరసగా కూర్చోబెట్టి టీకాలు వేసి, "రెండువందల తొంభై ఆరు," అన్నాడు. సుభాని ఫారాలు కూడుకుంటే రెండువందల ఎనిమిదే వచ్చింది. ఎనభై ఎనిమిది మంది పిల్లలు అతని కాగితాల్లోంచి ఎటో పోయారు.

దిగులుగా గూడూరు చేరాడు. కొడుకు అన్నం కెలుకుతూ కూర్చోవడం చూసి తల్లి ఆమినాబీ సంగతేమిటని అడిగింది. చెప్పగానే పకపకా నవ్వింది.

"బిడ్డల్ని లెక్కబెట్టి చెప్తారంటరా ఎవురైనా? దిష్టి తగల్దూ? ఒకర్ని తగ్గించే చెప్తారు. రెండేళ్ళ నాడు సెన్సస్ ఆయన వచ్చినప్పుడు నేను గూడా ఒకర్ని తగ్గించినా."

"ఎవరినమ్మా?"

"నిన్నే! దిష్టి బిరబిరా తగిలేది నీకే గదా."

దేశ జనాభాలో తను లేడని సుభానికి అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి. దాంతోపాటే బుర్రలో ఒక దీపం వెలిగింది. తొంభై ఇళ్ళు, ఎనభై ఎనిమిది మంది. అంటే ఇంటికొకరు! మర్నాడు తిరుపతి బండిలో కిటికీ పక్కన కూర్చుని ఫారాలన్నీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒకటి ఉన్నచోట రెండు, రెండు ఉన్నచోట మూడు. రేణిగుంట వచ్చేసరికి రెండిళ్ళు వదిలి మిగతా అన్నిట్లోనూ తలా ఒక బిడ్డను పుట్టించేశాడు.

జీవానందం గారు ఫారాలు తిరగేసి, కొత్త సిరాను చూశారు. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "సాయంత్రం బండికి బయల్దేరదాం. నాలుగు ఇళ్ళు నేనూ చూస్తాను," అన్నారంతే.

మొదటి ఇంట్లో సుభాని లెక్క సరిపోయింది. రెండో ఇంట్లో అయిదని రాస్తే ఆరుగురు తేలారు. మూడోది పిచ్చమ్మ ఇల్లు. ఆమె ఇసుకలో చేపలు ఎండబోసి కాకుల్ని అదిలిస్తోంది. ఏడెనిమిదేళ్ళ కూతురు పక్కనే ఉంది. జీవానందం గారు గొడుగు కింద నిలబడి ఫారం చూసి అడిగారు.

"ఇద్దరు బిడ్డలు గదమ్మా నీకు?"

పిచ్చమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఇద్దరని ఎవురు చెప్పినారయ్యా? నేను ఈ పాపని ఒక్కదాన్నే చెప్పినా. ఈ అబ్బయ్యకే చెప్పినా." ఆమె సుభాని వైపు చూసింది. "చిన్నోడు పోయినేడు వానల్లో వాంతులై పోయినాడు. మూడేళ్ళోడు. నేను చెప్పందే మీ కాగితంలోకి ఎట్టొచ్చినాడు?"

ఆమె చేతులు చీరకు తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"ఏడుండాడు? చూపియ్యి."

సుభాని రెండు అంకె మీద వేలు పెట్టాడు. చదువు రాని పిచ్చమ్మ ఆ అంకెను వేలితో తడిమింది.

"కొట్టేయబాకయ్యా. నేను ఏడుస్తానని పాళెంలో వాడి పేరే ఎత్తరు. మీ కాగితంలోనన్నా ఉండనీ."

కొట్టేయకుండా ఉంటే ఎవరికీ నష్టం లేదు. ఆమె మనసు చల్లబడుతుంది, సుభాని పట్టిక సరిపోతుంది, ఉద్యోగం నిలుస్తుంది. జీవానందం గారు సముద్రం వైపు తిరిగారు. క్లాసులో అనుకరించి నవ్వుకున్న 'విన్నది రాయండి' అన్న మాట సుభానికి ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో ఇసుకలో కూలబడ్డాడు.

"అమ్మా, నేను తప్పు చేసినా. అందరిళ్ళకీ ఒకర్ని ఊరికే కలిపినా. మీ చిన్నోడి సంగతి నాకు తెలీదు. వాడికి ఈ పక్కన వేరే గడి ఉంది. అడిగేదానికి ధైర్యం లేక అందులో గీత గీసినా. ఇప్పుడడగతా. చెప్తావా?"

పిచ్చమ్మ ఎదురుగా కూర్చుంది. పేరు ముత్యాలయ్య అంది. వాడు ఎప్పుడు నడిచింది, పడవ ఎక్కుతానని ఎట్లా మారాం చేసింది, ఆఖరి రోజు ఏం అడిగింది, అన్నీ చెప్పింది. చేపల మీద కాకులు వాలినా లేవలేదు. సుభాని రెండును కొట్టేసి ఒకటి వేశాడు. పక్క గడిలో గీతను కొట్టేసి అక్కడా ఒకటి వేశాడు. పేరుకు చోటు లేకపోతే అంచున రాశాడు.

"మళ్ళీ తొంభై ఇళ్ళూ తిరగాలండీ," అన్నాడు లేచాక.

"నెలాఖరు దాటిపోతుంది," అన్నారు గురువుగారు.

"దాటిపోతుందండీ."

దాటిపోయింది. ఉద్యోగమూ పోయింది. "అడిగిందే మళ్ళీ అడిగేదానికి పోయినాడంట," అని మౌలా వీధిలో దిగులుగా చెప్పుకున్నాడు. సుభానికి డిగ్రీ మరుసటేడుగానీ రాలేదు.

పిచ్చమ్మ ఇంటికి పోయిన మర్నాడు పొద్దున జరిగింది మాత్రం మౌలాకు ఎవరూ చెప్పలేదు. తొంభై మంది తల్లుల్ని ఆ ప్రశ్న ఎట్లా అడగాలా అని కుమిలిపోతూ సుభాని బడి వరండాలో లేచి కూర్చునేసరికి, మెట్ల మీద అయిదారుగురు ఆడవాళ్ళు ఉన్నారు. ఎప్పుడొచ్చారో ఏమో. అందరికంటే పెద్దావిడ ముందుకు జరిగింది.

"మా ఇంటికి గూడా గీత గీసినావంట గదా అబ్బయా," అంది. "నాకు ఇద్దరు. రాసుకో."