విడిగా వండిన గిన్నె

మా పక్కింటి చిలుకమ్మకు వంట రాదని మా కొత్తవాడ జనమంతా అనేవాళ్లు. రాక కాదు, తీరిక లేక. ఈ మాట చెప్పబోతే నా మీదికే లేచేవాళ్లు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మా వాడలో అన్నీ మగ్గాల ఇళ్లే. వాళ్లింట్లోనూ ముందర గదిలో జంపఖానాలు నేసే మగ్గం, దాని మీద భర్త కట్టయ్య, పక్కన రాట్నం ముందు చిలుకమ్మ. ఆయన నేతకు సరిపడా నూలు కండెలు ఈమె పొద్దంతా చుట్టి ఇవ్వాలి. కండె ఆగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే ఆయన నోరు మొదలవుతుంది. ఇక వంట ఎప్పుడు చేస్తుంది? పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి రాట్నం తిప్పేది. బియ్యం పోసి వచ్చి మళ్లీ తిప్పేది. అన్నం, పచ్చిపులుసు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, కాల్చిన మిరపకాయ నలిపి, ఇంత ఉప్పు వేస్తే పచ్చిపులుసు తయారు. దానికి పొయ్యి కూడా అక్కర్లేదు. మరో పూట ఎల్లిపాయ కారం. బియ్యం నిండుకున్నప్పుడు మక్కజొన్న రవ్వ ఉడికించిన గట్క, దాంట్లోకి సల్ల, అంటే పల్చటి మజ్జిగ. ఎప్పుడైనా పప్పుచారు కాస్తే ఆ ఇంట్లో అదే పండుగ.

కట్టయ్య పళ్లెం ముందు కూర్చుని పులుసులో వేలు పెట్టి, ఏదో పారేసుకున్నవాడిలా వెతికేవాడు.

"మల్లా గిదేనా? బర్లకు కుడితి పెట్టినట్టు పెడ్తాంది" అనేవాడు.

ఆయన తల్లి లక్ష్మీనర్సమ్మ వెంటనే అందుకునేది. "రఘునాథపల్లిల నా బిడ్డ ఇంటికి పోతే మూడు తీర్ల కూరలు. ఈడికొస్తే మా రాత గిట్ల తగలబడ్డది."

ఇంత తిట్టి కూడా ఏనాడూ ఒక మెతుకు వదిలింది లేదు. గోడకు ఇవతల కూర్చుని నేను వినేదాన్ని. తిట్లు వినబడేవి, తర్వాత గిన్నె అడుగు గీకే చప్పుడు వినబడేది. చిలుకమ్మ గొంతు మాత్రం వినబడేది కాదు.

వంక పెట్టకుండా తినేది ఆ ఇంట్లో ఒక్కతే, కూతురు కళావతి. అప్పుడప్పుడే బడికి పోతున్న పిల్ల. తల్లి ఒళ్లో సగం, నేల మీద సగం కూర్చుని తినేది. చివర్లో పళ్లెం ఎత్తి పులుసు తాగి, మూతి తుడుచుకోకుండానే "అమ్మా, ఇంకింత" అనేది. ఆ ఒక్క మాట మీద చిలుకమ్మ బతుకు నడిచింది. నేను కల్పించి చెప్పడం లేదు, ఆమే నాతో అన్నది.

"ఇంటోళ్లందరు గడ్డి అన్నా నాకు ఫికర్ లేదక్కా. నా బిడ్డ తింటాంది, సాలు."

ఎనభైల మొదట్లో కట్టయ్యకు సారా ముదిరింది. సాయంత్రం తాగేవాడు కాస్తా మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాడు. కళ్లు పచ్చబడ్డాయి, కాళ్లు నీరుపట్టాయి, చేతులు సన్నబడి పొట్ట ముందుకొచ్చింది. పెద్దదవాఖానకు తీసుకుపోతుంటే తోడుగా నేనూ వెళ్లాను. డాక్టరు పొట్ట నొక్కి చూసి, లివర్ పాడైందని, తాగుడు మానకపోతే బతకడని ముఖం మీదే చెప్పాడు. కారం, నూనె పెట్టవద్దని, మెత్తగా వండి పెట్టమని కూడా చెప్పాడు. లక్ష్మీనర్సమ్మ ఆ పక్కనే నిలబడి ఉంది. కారం సంగతి ఆమెకు వినబడింది. తాగుడు సంగతి వినబడలేదు.

మర్నాటి నుంచి చిలుకమ్మ తన బతుకులో మొదటిసారి శ్రద్ధగా వంట చేసింది. అందరికంటే ముందు లేచి, చిన్న గిన్నెలో పెసరపప్పు, బియ్యం కలిపి గుజ్జుగా ఉడికించి, జీలకర్ర వేసి దించేది. మొదటి రోజే నా దగ్గరికి వచ్చి, "జర నెయ్యుంటే ఇయ్యక్కా" అని అడిగి పోయింది. నేనే స్వయంగా తీసుకుపోయి ఇచ్చాను. ఆ వాసనకు కళావతి నిద్ర కళ్లతో లేచి వచ్చి గిన్నె మీది మూత తీయబోయింది.

"ముట్టకు బిడ్డా. అది బాపుకు. నువ్వు తినద్దు" అన్నది చిలుకమ్మ, పిల్ల చెయ్యి పక్కకు జరిపి.

ఆమె అన్నది ఇంతే. గిన్నెలో ఉన్నది పిడికెడు, తినాల్సింది రోగి. ఏ తల్లయినా అదే అంటుంది. కానీ గుమ్మం దగ్గర లక్ష్మీనర్సమ్మ నిలబడి వింటున్న సంగతి నేను తిరిగి వస్తూ చూశాను. ఆమె నన్ను పలకరించలేదు.

మా దిక్కు పెట్టుడుమందు అని ఒక నమ్మకం ఉంది. మొగుణ్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి పెళ్లాం అన్నంలో ఏదో కలుపుతుందట, అది కడుపులో పాతుకుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. దాన్ని విడిగా వండి, రుచిగా వండి, ఆయనకొక్కడికే పెడతారట. చిలుకమ్మ చేసిందంతా అచ్చం అలాగే ఉంది. ఇన్నేళ్లు గడ్డి పెట్టిన ఆడది ఇవాళ నెయ్యి వేసి ఎందుకు వండుతున్నది? ఈ ప్రశ్నను లక్ష్మీనర్సమ్మ వాడ నల్లా దగ్గర, బిందెలు పట్టుకున్న ఆడవాళ్లందరి ముందూ వేసింది.

నాకు కోపం ఆగలేదు. "గుప్పిట్ల ఉన్న మొగడు సారా దుకాణానికి పోతడా? ఎన్నడన్న పెళ్లాం మాట ఇన్నడా నీ కొడుకు?" అని అడిగాను.

"నెయ్యి నువ్వే ఇచ్చినవట గదా, రాజవ్వా" అన్నది ఆమె, నా కళ్లలోకి చూస్తూ, ఎంతో మెల్లగా.

చుట్టూ ఉన్నవాళ్లు కొంచెం వెనక్కి జరిగారు. నా బిందె నిండకముందే ఎత్తుకుని ఇంటికి వచ్చేశాను. ఆ రోజు నాకు మొదటిసారి భయం వేసింది.

ఆ సాయంత్రం లక్ష్మీనర్సమ్మ మనవరాలిని అరుగు మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని, బెల్లం ముక్క చేతిలో పెట్టి అడిగింది. "మీ అమ్మ ఆ గిన్నె గురించి ఏమన్నదే?"

"ముట్టద్దన్నది. నన్ను తినద్దన్నది" అని చెప్పింది కళావతి, బెల్లం చప్పరిస్తూ.

సొంత బిడ్డనే తినొద్దన్నదంటే అందులో ఏముందో వేరే చెప్పాలా? వాడలో దీపాలు పెట్టే వేళకు ఆ మాట ప్రతి మగ్గం దగ్గరికీ చేరింది.

తర్వాత బక్కమ్మను పిలిపించారు. ములుగు దిక్కు ఊరి మనిషి, కడుపులో మందు కక్కించడంలో పేరున్నది. కట్టయ్యను వాకిట్లో కూర్చోబెట్టి ఏదో ఆకుపసరు తాగించింది. అసలే ఎండిపోయిన మనిషి, ముందు పెట్టిన తాంబాళంలోకి పేగులు బయటికి వచ్చేలా కక్కుకున్నాడు. బక్కమ్మ తాంబాళంలో చెయ్యి పెట్టి తిప్పి, కుంకుడుగింజంత నల్లటి ఉండ బయటికి తీసి అందరికీ చూపించింది.

"గిదే. పేగులకు అంటుకున్నది. ఇంక రెండు నెలలైతే మనిషి దక్కకపోతుండె."

అంతకుముందు ఆమె చెయ్యి బొడ్లో సంచి దగ్గరికి పోయి రావడం నేను చూశాను. పైకే అన్నాను కూడా. బక్కమ్మ నవ్వింది. "నీకెందుకమ్మా గంత నొప్పి?" అన్నది. ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు. అందరి చూపూ తలుపు చాటున నిలబడ్డ చిలుకమ్మ మీద ఉంది.

కులపెద్ద బుచ్చిరాములు తీర్పు చెప్పాడు. ఆమెను వెళ్లగొట్టలేదు. వెళ్లగొడితే కండెలు ఎవరు చుట్టాలి, అన్నం ఎవరు వండాలి? లక్ష్మీనర్సమ్మ పొయ్యి మొహం చూసి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. అందుకని, ఇక మీదట వండిన ప్రతి గిన్నెలోంచి ముందు చిలుకమ్మ ఒక ముద్ద తినాలి. కాసేపు చూసి, ఆమెకు ఏమీ కాకపోతే మిగతావాళ్లు తినాలి. అదీ తీర్పు.

పొద్దున, రాత్రి ఆ ఇంట్లో అదే తంతు. ఆమె నడుమ కూర్చుని తినేది, ముగ్గురూ చుట్టూ కూర్చుని చూసేవాళ్లు. ఆ ముగ్గురిలో కళావతి ఒకతి. మొదట్లో పిల్ల తల్లి ఒళ్లోకి పోబోతే నానమ్మ రెక్క పట్టుకుని తన పక్కకు లాక్కునేది. కొన్నాళ్లకు లాగాల్సిన పని లేకపోయింది.

చిలుకమ్మ విడిగా వండడం మానేసింది. అసలు కలపడమే మానేసింది. అన్నం ఒక చోట, ఉల్లిగడ్డ కోయకుండా ఒక చోట, మిరపకాయ, ఉప్పు, చింతపండు నీళ్లు వేటికవే పెట్టేది. ఎవరిది వాళ్లు కలుపుకోవాలి.

"నేనేది కలపకుంటే ఏం కలిపినవంటరు?" అన్నది నాతో.

"ఉప్పు గూడ కలపదట, దొరసాని" అన్నది లక్ష్మీనర్సమ్మ, అదే అన్నం రెండోసారి పెట్టించుకుంటూ.

ఇక కట్టయ్య సంగతి. కడుపులో మందు పోయింది కదా అని ఆ సాయంత్రమే సారా దుకాణానికి పోయాడు. ఆ తర్వాత పోని రోజు లేదు. మనిషి రోజురోజుకీ కరిగిపోతున్నాడు. మందు మళ్లీ పెట్టిందనే మాట మళ్లీ లేచింది. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో మందు పెట్టిందనో, బాణామతి చేసిందనో పేరుపడ్డ ఆడవాళ్లను ఏం చేసేవాళ్లో వాడలో అందరికీ తెలుసు. పళ్లు రాలగొట్టేవాళ్లు. గుంజకు కట్టి కొట్టేవాళ్లు. ఆ దెబ్బలకు పోయినవాళ్లూ ఉన్నారు. కట్టయ్య ఊపిరి ఉన్నన్నాళ్లే చిలుకమ్మ ఊపిరి అని నాకు అర్థమైంది. ఆమెకు నాకంటే ముందే అర్థమైంది.

"నెక్కొండకు పో, మీ అమ్మగారింటికి" అని ఎన్నిసార్లు చెప్పానో. "పిల్లను నాతోని పంపరక్కా. పిల్లను ఇడిచి నేను పోను" అనేది, రాట్నం ఆపకుండానే.

ముసురు పట్టిన ఒక ఉదయం కట్టయ్య నెత్తురు కక్కుకున్నాడు. రిక్షాలో వేసుకుని దవాఖానకు బయలుదేరారు. తల్లి ఎక్కింది, వెనక బుచ్చిరాములు, ఇంకో నలుగురు నడిచారు. రిక్షా కదిలేముందు లక్ష్మీనర్సమ్మ వెనక్కి తిరిగింది.

"నా కొడుకు మల్ల ఈ ఇంటికి నడిచి రాకుంటే, నువ్వు ఈ వాడ పానంతోని దాటి పోవు. యాది పెట్టుకో."

ఆమె అరవలేదు. వెనక ఉన్న మగవాళ్లలో ఒకడు తల ఊపాడు.

వాళ్లు మలుపు తిరగ్గానే నేను పక్కింట్లోకి పోయాను. ఇంట్లో చిలుకమ్మ, కళావతి తప్ప ఎవరూ లేరు. అలాంటి సందు మళ్లీ దొరకదు.

"పాసింజర్ రైలున్నది. పిల్లను తీస్కొని పో. గీ నిమిషం పో" అన్నాను.

ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. రెండు చీరలు, పిల్ల గౌన్లు మూట కట్టింది. "పొద్దటి సంది అది ఏం తినలె. జర పెట్టి తీస్కపోత" అని, అన్నం వడ్డించి పాత తీరుగా పచ్చిపులుసు కలిపింది. ఉల్లిగడ్డ సన్నగా కోసింది, మిరపకాయ కాల్చి నలిపింది. ఎవరూ కాపలా లేకుండా కలిపి ఎన్నాళ్లయిందో, ఆమె చేతులు తొందరగా, హాయిగా కదిలాయి.

కళావతి పళ్లెం ముందు కూర్చుంది. ముద్ద కలిపింది. కలిపిన ముద్దను తన నోట్లో పెట్టుకోకుండా, లేచి వచ్చి తల్లి నోటికి అందించింది.

చిలుకమ్మ ముఖం చూడాలి అప్పుడు. నెలల తర్వాత బిడ్డ తన దగ్గరికి వచ్చింది. కళ్లనిండా నీళ్లతో నోరు తెరిచింది. "సూసినవా అక్కా" అన్నట్టు నా వైపు తిరిగింది, నములుతూ.

పిల్ల తిరిగి వెళ్లి పళ్లెం ముందు కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తినలేదు. తల్లి గొంతు వైపే చూస్తోంది.

"తిను బిడ్డా. రైలుకు పోవాలె."

"మింగినవా అమ్మా?" అని అడిగింది కళావతి. ఆ గొంతులో కోపం లేదు, పగ లేదు. అన్నం వేడిగా ఉందా అని అడిగినట్టు అడిగింది. "జర ఆగుత."

ఆ పిల్లను కొట్టబోయినంత పని చేశాను నేను. కానీ అది దాని తప్పా? ఇన్ని నెలలుగా అన్నం తినడమంటే ఇదే అని దానికి నేర్పారు.

చిలుకమ్మ నోట్లో ముద్ద మింగింది. తర్వాత మూట దగ్గరికి పోయి ముడి విప్పింది. చీరలు తీసి దండెం మీద వేసింది.

"ఏంజేత్తానవ్? పిచ్చి లేసిందా?"

"నేను పోనక్కా."

"వాళ్లు సంపుతరే నిన్ను."

"ఇయ్యాల ఉరికితే, నేనే మందు పెట్టిన అని దాని మనసుల గట్టిపడ్తది. పెద్దగైనా పోదది. ఆడికి తీస్కపోయి ఏం పెట్టి పెంచుత? నా చెయ్యి సూత్తెనే భయపడ్తాంది." పిల్ల గౌను కూడా దండెం మీద వేసి అన్నది. "ఈడనే ఉంట. నేను ఉరకలేదని దానికి యాదుంటది."

బతిమాలాను, తిట్టాను, చెయ్యి పట్టి లాగాను. ఆమె రాట్నం ముందు కూర్చుని కండె ఎక్కించుకుంది. రైలు వేళ దాటిపోయింది. కళావతి ఎప్పుడు తిన్నదో, పళ్లెం ఖాళీ అయింది.

పొద్దు వాలుతుండగా సందు చివర లక్ష్మీనర్సమ్మ శోకం వినబడింది. ఒక ఇంట్లో మగ్గం ఆగింది, తర్వాత పక్కింట్లో ఆగింది. అలా ఒక్కొక్కటిగా ఆగుతూ ఆ నిశ్శబ్దం మా ఇంటి దాకా వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. మగవాళ్లు బయటికి వచ్చి రిక్షా వెంట నడవడం మొదలుపెట్టారు.

చిలుకమ్మ లేచి, పిల్లను ఎత్తుకుని నా గుమ్మంలోకి వచ్చింది. కళావతిని నా చేతుల్లో పెట్టి, దాని చెదిరిన జుట్టు ఒకసారి సర్దింది.

"తలుపు ఏసుకో అక్కా. ఆకలైతే దానికి ఇంత అన్నం పెట్టు. నీ చేతిదైతే తింటది" అన్నది.

కొంగు నడుముకు బిగించుకుని తన ఇంటి ముందుకు వెళ్లి నిలబడింది.