లావా గోడ కింద దీర్ఘ ప్రార్థన

మా తెలుగు చర్చిలో నాకు దీర్ఘ ప్రార్థనల బ్రదర్ అని పేరు. నా ముందు ఎవరూ అనరు గానీ, నేను లేవగానే వెనక వరుసలో పిల్లలు వాచీలు చూసుకుంటారని నాకు తెలుసు. అదంతా నా భక్తి గొప్పతనమని ఇన్నాళ్లూ మురిసిపోయాను. ఏం మురిపెమో!

మేముండేది అమెరికాలో, ఫ్రిస్కో అనే బల్లపరుపు ఊళ్లో. కారెక్కి ఎంత దూరం పోయినా మిట్ట అన్నది కనిపించదు. కిందటి వేసవిలో చర్చిలోని మూడు కుటుంబాలం విమానంలో పోర్ట్‌లాండ్ వెళ్లి, పెద్ద వ్యాన్ అద్దెకు తీసుకుని, సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం, దాని దగ్గరి గుహ చూడ్డానికి బయల్దేరాం. దారంతా నేను కోతలు కోస్తూనే ఉన్నాను. దాని నెత్తి ఎలా పేలిపోయిందో, లోపల ఇంకా నిప్పు ఎలా రగులుతోందో, విమానంలో చదివిందంతా కళ్లారా చూసినట్టు చెప్పాను. మా పదకొండేళ్ల అమ్మాయి అంతా విని ఒక్కటే అడిగింది.

"కేవ్‌లో నాతో ఎండ్ దాకా వస్తావా డాడీ? ఈసారి ఆఫీస్ కాల్ అనకూడదు."

అంతకు ముందు ఏడాది రోలర్ కోస్టర్ దగ్గర ఆ సాకే చెప్పి కార్లో కూర్చున్నాను. పిల్ల లైన్లో ఒక్కతే నిలబడి, ఎక్కకుండానే తిరిగొచ్చింది. ఆ మొహం నాకింకా గుర్తే. అందుకే "ప్రామిస్" అన్నాను.

పర్వతాన్ని దూరం నుంచే చూశాం కాబట్టి అక్కడ నా ధైర్యానికి లోటు రాలేదు. తంటా గుహ దగ్గర వచ్చింది. అది ఒకప్పుడు లావా పారి ఖాళీ అయిపోయిన సొరంగం. తేలిక దారి ఒకటి, కష్టమైన దారి ఒకటి ఉన్నాయి. పిల్లలంతా కష్టమైనదే అన్నారు. ఆశగా ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. ఆఫీసు కూడా నన్ను ఆదుకోలేదు.

లోపల చలి, చిమ్మచీకటి. తలకు కట్టుకున్న లైట్ల వెలుగులో బండల గుట్టల మీద పాక్కుంటూ వెళ్లాం. ఒకచోట నాకంటే ఎత్తయిన లావా గోడ అడ్డొచ్చింది. కాలు పెట్టడానికి ఒకటే గుంట. అందరూ ఎక్కేశారు. కింద నేనూ, మా అమ్మాయీ, మా వెనక ఒక అమెరికన్ జంట మిగిలాం. వ్యాన్ నడిపిన వరంగల్ బ్రదర్ పైనుంచి చెయ్యి చాచాడు.

"రండి బ్రదర్, ఏం గాదు. నేను గుంజుతా."

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. "ముందు ప్రార్థన చేసుకుందాం" అన్నాను.

అంతే, పైనున్నవాళ్లంతా తలలు వంచి కళ్లు మూసుకున్నారు. పాపం ఆ అమెరికన్ కూడా టోపీ తీశాడు. ఇక అందుకున్నాను. కొండల్ని చేసిన దేవుణ్ని స్తుతించాను. చర్చిలో రోగుల్ని తలచుకున్నాను. గ్రీన్‌కార్డులు రానివాళ్ల కోసం, పిల్లల కాలేజీ సీట్ల కోసం, దేశాధినేతల కోసం వేడుకున్నాను. ప్రార్థన మధ్యలో లేచి ఆపమనే ధైర్యం మావాళ్లెవరికీ లేదు. కానీ ఎంత ప్రార్థించినా గోడ పొట్టి కాలేదు. మెల్లగా ఒక కన్ను తెరిచాను.

మా అమ్మాయి కళ్లు మూసుకోలేదు. దాని లైటు సరిగ్గా నా మోకాళ్ల మీద పడుతోంది. అవి గజగజా వణుకుతున్నాయి.

"డాడీ, నీకు భయమా?" అంది గుసగుసగా.

సిగ్గుతో చచ్చిపోయాను. "అవును తల్లీ. చాలా."

"నాకు కూడా. అందుకే నిన్ను రమ్మన్నా. ఆమెన్ చెప్పేయ్."

చెప్పేశాను. అది నా షూ పట్టుకుని గుంటలో పెట్టింది, బ్రదర్ గుంజాడు, నేను బియ్యం బస్తాలా పైకి వచ్చి పడ్డాను. నా వెనకే అది చకచకా ఎక్కేసింది. చివరికి నిచ్చెన మెట్లెక్కి ఎండలోకి ఇద్దరం కలిసే వచ్చాం.

తిరుగు ప్రయాణంలో వరంగల్ బ్రదర్ కూతురు మా అమ్మాయిని అడిగింది. "అంత లాంగ్ ప్రేయర్ ఏంటి? మీ డాడీ భయపడ్డాడా?"

"లేదు. మా డాడీ ఎప్పుడూ అలాగే ప్రే చేస్తాడు" అంది మా అమ్మాయి తడుముకోకుండా.

నా పరువు కోసం పిల్ల అబద్ధమాడుతుంటే ఊరుకోలేకపోయాను. "భయపడ్డానమ్మా. గోడ ఎక్కలేక, ప్రార్థన సాగదీశాను" అన్నాను గట్టిగా.

ముందు సీట్లోంచి మా ఆవిడ వెనక్కి తిరిగింది.

"మరి ప్రతి ఆదివారం దేనికి భయపడుతున్నారండీ?"

అందరూ పగలబడి నవ్వారు. పక్కన మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.