కొర్రమీనుకు తోడు వెతికిన సత్తియ్య

ఆనకట్ట వచ్చి కాలవలు పారిన తరువాత భీమవరం వైపు జాలరిపేటల్లో వల విసరడం తెలిసినవాళ్ళకు కొదవ లేదు. వాళ్ళలో సత్తియ్య చెయ్యి గట్టిది. ఆయన వల విసిరితే గట్టున కూర్చున్నవాళ్ళు చింతపండు నానబెట్టుకోవచ్చు అనేవారు. అంతటివాడు ఒక కొర్రమీనును సాకి, దానికోసం పడరాని పాట్లు పడ్డాడంటే పేటంతా నవ్వింది. నవ్వేవాళ్ళదేం పోయింది, పెంచినవాడికి తెలుస్తుంది.

ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు ఎండిపోతున్న గుంటలో దొరికింది ఆ చేపపిల్ల. బుట్టలో వేసుకోవడానికి కూడా పనికిరానంత చిన్నది. సరదాకి తెచ్చి కుండలో వేశాడు. పిల్లాజెల్లా లేని ఇల్లు. రోజూ రొయ్యలు వేస్తూ, "చిన్నోడా" అని పిలుస్తూ పెంచాడు. చిన్నోడు మూరెడు పొడుగయ్యేసరికి కుండ చాల్లేదు. భార్య లోవమ్మ కుండవైపు చూసే చూపు కూడా మారింది.

"ఎన్నాళ్ళు చూస్తావు దాని మొహం? ఇయ్యాల పులుసు పెట్టేస్తాను," అంది ఒకరోజు.

ఆ మాట పూర్తికాకముందే సత్తియ్య కుండ నెత్తిన పెట్టుకుని ఊళ్ళో పెద్ద ఆసామీ శ్రీరామరాజుగారి లోగిలికి నడిచాడు. అక్కడ మండువాలో పెద్ద రాతితొట్టి ఉంది. రాజుగారు చేపను చూసి ముచ్చటపడి తొట్టిలో వేయించారు. రోజూ వచ్చి మేత వేసే పని సత్తియ్యకే అప్పజెప్పారు.

చిక్కేమిటంటే ఆ తొట్టి అంతకుముందే రాజుగారి భార్య లక్ష్మీనరసమ్మగారిది. రాజుల ఇళ్ళలో ఆడవాళ్ళకు ఘోషా. పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆవిడ కాలవను తెర సందులోంచి తప్ప చూసి ఎరగరు. అందుకని తొట్టిలో వేలెడేసి వెండిపరిగె చేపలు వేయించుకుని, పొద్దస్తమానం వాటిని చూస్తూ కాలక్షేపం చేసేవారు. చిన్నోడు వచ్చిన మర్నాటికి ఒక్క పరిగె మిగల్లేదు.

సత్తియ్య వస్తున్నాడని దాసీ రత్తమ్మ కేక వేస్తే ఆడవాళ్ళంతా లోపలికి వెళ్ళేవారు. ఆ రోజు వెదురు తెర వెనకనుంచి లక్ష్మీనరసమ్మగారి గొంతు వినపడింది.

"ఏంటి సత్తియ్యా, నీ చిన్నోడు నా పరిగెల్ని మింగేశాడు."

"పసోడండి అమ్మగారు. తెలియక తినేశాడండి."

"తెలియకుండా అన్నీ తిన్నాడా? నాకు ఉత్త తొట్టి చూస్తూ కూర్చోడం కుదరదు. వీడితో కలిసి బతికే చేపల్ని తీసుకురా. ఈసారి ఒక్కటి మాయమైనా వీడు పులుసులోకే."

సత్తియ్య పరుగున పేటకు వెళ్ళాడు. పేటపెద్ద పల్లంరాజును అడిగితే, ఆయన సంబంధాలు కుదిర్చే అలవాటు కొద్దీ, "మనవాళ్ళకి మనవాళ్ళనే చూడాలి. కొర్రమీనుకి ఇంకో కొర్రమీను. ఈడూ జోడూ కుదరాలి, అంతే," అన్నాడు. పేటలో పెళ్ళిళ్ళన్నీ అలాగే జరిగాయి. సత్తియ్యకు కాదనే కారణం కనపడలేదు. ఈడైన కొర్రమీనును తెచ్చి వదిలాడు. రెండూ కలిసిన క్షణంనుంచి తొట్టి ఉడికిపోయింది. మధ్యాహ్నానికి కొత్తదాని తోక చీలికలైంది.

"మింగలేదండి అమ్మగారు, కొరికాడంతేనండి," అని సత్తియ్య తెరకు దణ్ణం పెట్టాడు. తెర వెనక నవ్వు వినపడింది. చిన్నోడు ఆ పూటకు బతికాడు.

తరువాత ఆ కొత్తదాన్ని తీసేసి గొరక చేపల్ని తెచ్చాడు. గొరక ఒళ్ళంతా ముళ్ళే, ఎవడు మింగబోయినా గొంతులో అడ్డం తిరుగుతుంది. చిన్నోడు ఒకదాన్ని నోట పట్టి, రుచి నచ్చక ఉమ్మేశాడు. కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు జోరున వాన పట్టింది. వాన తెరిపివ్వగానే చూస్తే తొట్టిలో ఒక్క గొరకా లేదు. సత్తియ్యకు కబురు వెళ్ళింది. వచ్చేసరికి వంటమనిషి చింతపండు పిసుకుతోంది.

"ఒక్క మాటండి అమ్మగారు. గొరక వానకి గోడెక్కుద్దండి. ఎతకనివ్వండి," అని బతిమాలాడు.

గొరకలు దొరికాయి. ఒకటి రోటి కింద, రెండు తూములో. ఒకటి మొప్పలతో పాకుతూ పూజగది గడపదాకా వెళ్ళింది. రత్తమ్మ దాన్ని తొక్కి వేసిన కేకకు రాజుగారు చుట్ట పారేసుకుని వచ్చారు. చిన్నోడు నిర్దోషి అని తేలింది. పిసికిన చింతపండుతో చారు పెట్టుకున్నారు.

గొరకలు తొట్టిలో నిలవవని తెలిశాక సత్తియ్య కూర్చుని ఆలోచించాడు. చిన్నోడి నోట్లో పట్టేదేదీ బతకదు, కాబట్టి నోట్లో పట్టనిది కావాలి. వాడు అడుగున మాటు వేసేవాడు, కాబట్టి పైన తిరిగేది కావాలి. ముందు వీడి కడుపు నింపాలి. కడుపు నిండిన కొర్రమీనంత సాధువు లోకంలో లేడు. ఇవన్నీ చూసుకుని పళ్ళెమంత వెడల్పున్న బొచ్చెచేపను తెచ్చి, చిన్నోడికి రొయ్యలు మేపి, మెల్లగా వదిలాడు. చిన్నోడు దాని చుట్టూ ఒకసారి తిరిగి అడుక్కి పోయి పడుకున్నాడు.

ఇక తొట్టికి శాంతి వచ్చింది. బొచ్చె పైకి తేలి లక్ష్మీనరసమ్మగారి చేతిలో తవుడు తినేది. ఆవిడ సంతోషం తెర ఇవతలికి కూడా తెలిసేది. సత్తియ్య పేటలో రొమ్ము విరుచుకుని తిరిగాడు.

వానాకాలం నడుమ వియ్యాలవారు చెప్పాపెట్టకుండా దిగారు. కాలవలు పొంగి వల పడే వీలు లేదు. రాజుగారు మండువాలో నిలబడి తొట్టిలోకి చూశారు. నోట్లో పట్టనంత చేప సత్తియ్య లెక్కకు బాగుంది గాని, రాజుగారి లెక్కకు ఇంకా బాగుంది. విస్తట్లో వడ్డించేదాకా లక్ష్మీనరసమ్మగారికి తెలియదు. ఆవిడ ఆ పూట ఊరగాయతో తిన్నారు.

మర్నాడు తెర వెనక గొంతు బొంగురుగా ఉంది.

"పెంచిన చేప రుచే వేరంటున్నారు సత్తియ్యా. ఆయన మళ్ళీ దసరాకి పిలిచారు వాళ్ళని. కొర్రమీను ఉందిగా అన్నారు."

సత్తియ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడవకు. రేపు నేను పుట్టింటికి వెళ్తున్నాను. మేనా పక్కనే నడువు," అన్నారావిడ.

ఘోషా మేనాలోకి తొంగి చూసే మగాడు ఆ తాలూకాలో లేడు. లోపల లక్ష్మీనరసమ్మగారు, ఆవిడ కాళ్ళ దగ్గర గంగాళం, గంగాళంలో చిన్నోడు. సగం దూరం వెళ్ళాక వాడు తోక కొట్టడం మొదలుపెట్టాడు.

"అమ్మగారు కోపంగా ఉన్నారు. కాళ్ళు కొట్టుకుంటున్నారు. జోరుగా నడవండి," అన్నాడు ముందు బోయీ పెదబాబు.

మేనా కిందనుంచి నీళ్ళు కారాయి. బోయీలు ముఖాలు చూసుకున్నారు.

"పాపం, ఎంతలా ఏడుస్తున్నారో," అన్నాడు వెనకాయన, గొంతు తగ్గించి.

కాలవ రేవు దగ్గర దాహమని మేనా దింపించి, బోయీలను దూరంగా పొమ్మన్నారు. తెర కదిలి గంగాళం, దాన్ని పట్టుకున్న గాజుల చెయ్యి బయటికి వచ్చాయి. సత్తియ్య దాన్ని అందుకుని నీళ్ళలో వంచాడు. చిన్నోడు కాసేపు ఆయన కాళ్ళ దగ్గరే నిలబడి, తరువాత లోతుకు వెళ్ళిపోయాడు.

"వెళ్ళాడా?" అని అడిగారు లోపలినుంచి.

"వెళ్ళాడండి అమ్మగారు," అన్నాడు సత్తియ్య. అని వెక్కివెక్కి ఏడ్చాడు.

చిన్నోడు కూడా వానకు గొరకల్లాగే గోడెక్కిపోయాడని చెబితే రాజుగారు నమ్మారు. సత్తియ్యకు మాత్రం మర్నాటినుంచి అదే కాలవలో వల వెయ్యక తప్పలేదు, అదే ఆయన కూడు. వల్లో కొర్రమీను పడితే దాన్ని రెండు చేతులా ఎత్తి, ముఖంలో ముఖం పెట్టి, "చిన్నోడా" అని పిలిచి చూసేవాడు. గట్టున లోవమ్మ ఖాళీ బుట్ట పట్టుకుని తిట్టిపోసేది. అనుమానం వచ్చినదాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు. ఆ ఏడంతా ఆయనకు ప్రతి కొర్రమీను మీదా అనుమానమే వచ్చింది.